డాక్టరుగారి సారీ

ఇంగ్లీషులోంచి మన నోళ్లలోకి వచ్చిపడ్డ మాటల్లో సారీ అంత చవకైనది ఇంకోటి లేదు. కాలు తొక్కితే సారీ, చెయ్యి తగిలితే సారీ, శుక్రవారం ఇస్తానన్న చొక్కా సోమవారానికి కూడా ఇవ్వకపోతే సారీ. తొక్కినవాడు ఆ ముక్క పడేసి చక్కా పోతాడు. తొక్కించుకున్నవాడు పాదం రుద్దుకుంటూ పరవాలేదండీ అనాలి, అనకపోతే వాడే మర్యాద తెలియనివాడు. అలాంటి మాటను పట్టుకుని ఒక మనిషి ఏళ్ల తరబడి బతికిందంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. కాజాలక్క అలాగే బతికింది.

కాజాలు కుట్టేది కాబట్టి కాజాలక్క. జిరాక్సు షాపుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కుని ఉన్న టైలరు షాపులో, గుమ్మం పక్కన వెలుతురు పడేచోట, పొట్టి స్టూలు మీద ఆమె కూర్చునేది. లోపల రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మెడలో టేపు వేసుకున్న మాస్టరు. మాస్టరు కుట్టి విసిరేసిన చొక్కాను ఒళ్లోకి లాక్కుని, బొత్తాల పట్టీ మీద సుద్దతో గీతలు పెట్టుకుని, బ్లేడుతో సన్నగా చీలికలు కోసి, ఆ చీలిక అంచుల చుట్టూ దారంతో దగ్గరదగ్గరగా కుట్టుకొచ్చేది. అదీ కాజా. బొత్తం కుట్టేటప్పుడు బట్టకూ బొత్తానికీ నడుమ ఒక అగ్గిపుల్ల పెట్టేది. కుట్టడం అయ్యాక పుల్ల లాగేస్తే బొత్తం కింద కాస్త వదులు మిగులుతుంది, కాజాలో సుఖంగా కూర్చుంటుంది. మిషను కాజాలు వచ్చాక ఈ పనికి గిరాకీ పడిపోయింది గాని, చేతి కాజా లేనిదే అది చొక్కాయే కాదనే మొండి మనుషులు కొందరు ఇంకా మిగిలి ఉన్నారు. వాళ్ల పుణ్యమా అని ఆమె చేతికి పని ఉండేది.

ఆమెకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ షాపులో అబ్బినదే. కాలరు, కఫ్, ట్రయలు, అర్జెంటు, సారీ. వీటిలో మాస్టరు నోట ఎక్కువగా వినబడేది ఆఖరిదే. మాస్టరు మంచి పనివాడు, కాని చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. చేతులు పొట్టివైతే సారీ సార్, మెడ బిగుతైతే సారీ సార్, మీ ప్యాంటు గుడ్డ పొరపాటున వేరేవాళ్లకు కోసేశాను సారీ సార్. వచ్చినవాళ్లు ఒంటికాలి మీద లేవడం, మాస్టరు తలొంచుకుని ఆ మాట అనడం, వాళ్లు గొణుక్కుంటూ చల్లబడిపోవడం, ఇదంతా కాజాలక్క సూది ఆపకుండా రోజూ చూసే తంతే. అందుచేత ఆమె లెక్కలో సారీకి ఉన్నది ఒకటే అర్థం. తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. తప్పు చెయ్యనివాడికి ఆ మాటతో ఏం పని?

ఆమె భర్త ఒక ఎత్తైన ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. లిఫ్టులో మూలన ఒక స్టూలు, పక్కన మీటలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైకీ కిందికీ. వీధిలో పిల్లలు లిఫ్టు బాబాయి అనేవాళ్లు. "ఇవాళ ఎంత దూరం వెళ్లొచ్చావు బాబాయ్?" అని వేళాకోళం చేస్తే, "బయల్దేరిన చోటికే" అనేవాడు. ఆయన ఆడే పెద్ద మాట అదే. మిగతా వేళల్లో నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. అమ్మడు అని పిలుచుకునేవాళ్లు. తండ్రి వాడకుండా దాచిపెట్టిన మాటలన్నీ ఆ పిల్లకు వచ్చాయి. కాలేజీ నుంచి తిన్నగా షాపుకొచ్చి, కుట్టు పూర్తికాని చొక్కా ఏదుంటే అది తొడుక్కుని, అది ఎవరిదో వాళ్లలాగే నడిచి చూపించేది. బ్యాంకు మేనేజరు పొట్ట ముందు నడుస్తుంది, మనిషి వెనక వస్తాడు. లెక్కల మేస్టారు ఒక భుజం వంచి, ఎవరో తరుముతున్నట్టు గోడవారగా పోతాడు. మాస్టరు కత్తెర కింద పెట్టి మరీ నవ్వేవాడు. "నలిగిపోతుందే, విప్పు" అని తల్లి కసురుకునేది. కసురుకుంటూనే ఓరకంట చూసి, నవ్వు కనబడకుండా పళ్లతో దారం తెంపేది.

ఆ పిల్ల పదిహేడో ఏట కడుపునొప్పితో పోయింది.

ఎలా పోయిందో కాజాలక్క చెప్పే తీరు ఒకటుంది. వీధిలో ఆ కథ విననివాళ్లు లేరు. షాపుకు కొత్తగా వచ్చినవాళ్లకు కూడా, బొత్తం కుట్టేలోగా, అది వినక తప్పేది కాదు. "పిల్లకి కడుపునొప్పి, జ్వరం. ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు లోపల ఉన్నాడు కూర్చోండన్నారు. బెంచీ మీద పిల్ల మెలికలు తిరిగిపోతోంది. ఇదుగో అదుగో అంటారే గాని పిలవరు. ఎప్పటికో తీసుకెళ్లారు. తెల్లారాక ఆ డాక్టరే బయటికొచ్చి, 'సారీ అమ్మా, ఆలస్యమైపోయింది' అన్నాడు. విన్నావుగా? నేనన్న మాట కాదు, వాళ్లన్నదీ వీళ్లన్నదీ కాదు. ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు. సారీ అన్నాడు."

పక్కింటి మామ్మకు చెవుడు. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏసారి అన్నాడే?" అంది. "ఏసారి కాదు మామ్మా, సారీ." "అదే, ఎన్నోసారి?" ఏడుస్తున్నవాళ్లు కూడా ఆ పూట పక్కకు తిరిగి నవ్వుకున్నారు. తరవాత మామ్మకు ఎవరో విడమరిచి చెప్పారు. "ఓహో, తప్పయిపోయిందన్నాడా! మరి కాళ్లు పట్టుకోలేదేం?" అని ఆవిడ తన వంతు శాపనార్థాలు పెట్టింది.

మన మాటల తీరు కూడా ఆమెకు కలిసొచ్చింది. ఆలస్యమైపోయింది అంటాం. ఎవరి వల్ల అయిందో చెప్పం, చెప్పకపోయినా వాక్యానికి ఏ లోటూ రాదు. వానలాగా, పొద్దు గుంకినట్టుగా, దానంతటదే అయిపోతుంది. డాక్టరు వదిలేసిన ఆ ఖాళీలో కాజాలక్క ముందున్న సారీని తెచ్చి పెట్టుకుంది. సారీ అన్నవాడే ఆలస్యం చేసినవాడు. బెంచీ మీద కూర్చోబెట్టిన మాట నిజమేనాయె. ఇక అనుమానం ఎక్కడిది?

అయితే ఆ కథలో ఒక ముక్క ఆమె ఎప్పుడూ చెప్పేది కాదు. చెప్పకపోవడం అబద్ధం కాదని ఆమెకు తెలుసు, అది దాచిపెట్టడమేనని కూడా తెలుసు.

అవి బడులు తెరిచే ముందు రోజులు. షాపు నిండా స్కూలు చొక్కాలు. తెల్లటివి, చిన్నవి, పెద్దవి, గుట్టలుగా పడి ఉన్నాయి. షాపులో చాలక ఇంటికి కూడా మూట తెచ్చుకుంది. అమ్మడు పొద్దున్నే బొడ్డు దగ్గర నొప్పంటే మందుల షాపులో బిళ్ల తెచ్చి వేసింది. సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చి, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "ఆసుపత్రికి తీసుకెళ్దామా?" అన్నాడు. ఆమె చొక్కా మీంచి తలెత్తలేదు. "ఈ చొక్కాలు రేపు ఇచ్చెయ్యాలండీ. రేపు సాయంత్రానికి తగ్గకపోతే చూద్దాం. ఒక్కరోజుకి కొంపేం మునిగిపోదు" అంది. ఆయన ఇంకేమీ అనలేదు. మర్నాడు నొప్పి దానంతటదే తగ్గింది. పిల్ల పడుకుంది. కాజాలక్క హమ్మయ్య అనుకుని, ఎవరో బాకీ తీర్చినంత తేలిగ్గా, మూటంతా కుట్టి ఇచ్చి వచ్చింది. సాయంత్రం చూసేసరికి ఒళ్లు కాలిపోతోంది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది.

ఆ తరవాత ఆమె స్కూలు చొక్కాలు ముట్టుకోలేదు. "అవి నాకు వెయ్యకండి మాస్టరుగారూ" అంది ఒకే ఒకసారి. మాస్టరు ఎందుకని అడగలేదు. బడులు తెరిచే రోజులు వచ్చినప్పుడల్లా ఆ గుట్ట ఇంకెవరిచేతో కుట్టించి, ఆమె కంటపడకుండా మిషను వెనక దాచేవాడు.

సారీ లేకపోతే ఆమె ఆ ఏడాది దాటేది కాదు. ఇది నిజం. మొదట్లో తిండి లేదు, నిద్ర లేదు, ఉలుకూ పలుకూ లేదు. తరవాత ఆ మాట దొరికింది. దొరికాక మంచం దిగింది. తిట్టడానికి మనిషి దొరికాడు కనక నోరు లేచింది, నోరు లేచింది కనక చెయ్యి కదిలింది. పొద్దున్నే లేస్తూనే డాక్టరును తిట్టుకుని మొహం కడుక్కునేది. ఆసుపత్రి ఉన్న రోడ్డులోకి అడుగు పెట్టేది కాదు. ఎటు వెళ్లాల్సి వచ్చినా చుట్టు తిరిగి పోయేది. "ఎప్పుడు తీసుకెళ్లారమ్మా?" అని ఎవరైనా ఆరా తీయబోతే, వాళ్లను అక్కడే కడిగిపారేసేది. "ఆయనే సారీ అంటే మధ్యలో నీకేంటి?" అని. అడిగినవాళ్లు లిఫ్టు బాబాయి కేసి చూసేవాళ్లు. ఆయన "ఆఁ, అన్నాడు" అనేవాడు. అంతే. ఆ రెండు ముక్కలూ ఆమెకు కొండంత అండ. మా ఆయన కూడా విన్నాడు, మా ఆయన కూడా అదే అంటాడు, అని చెప్పుకునేది.

అలా ఏళ్లు నడిచాయి. మనిషి నవ్వేది కూడా, అప్పుడప్పుడు. ఆ మాట అలాగే ఉండిపోతే ఇంకొన్నాళ్లు నడిచేది. కాని మాటలు మనం పెట్టిన చోట ఉండవు.

షాపు మేడ మీద కొత్తగా ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే క్లాసులు పెట్టారు. అందులో చెప్పే టీచరమ్మ చిన్నది, పాతికేళ్లుంటాయేమో. ఒక మధ్యాహ్నం కోటు పట్టుకుని దిగింది. బొత్తం ఊడిపోయింది, వెంటనే కావాలంది. మాస్టరు దాన్ని కాజాలక్క ఒళ్లో వేశాడు. టీచరమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కలుపుగోలు పిల్ల, ఊరికే ఉండలేదు.

"మీ చెయ్యి భలే ఆడుతుందక్కా. చూస్తుంటే నాకు క్లాసు చెప్పాలనిపించదు, ఇదే నేర్చుకోవాలనిపిస్తుంది. మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే. ఇప్పుడు లేదమ్మా. పోయింది."

"అయ్యో! సారీ అక్కా."

సూది ఆగింది. కాజాలక్క తలెత్తి చూసింది.

"నువ్వెందుకు చెప్పడం సారీ? నా పిల్లని నువ్వేం చేశావు?"

టీచరమ్మ తడబడింది. "అబ్బే, నేనేదో చేశానని కాదక్కా. బాధేసిందని. ఎవరికైనా కష్టం వచ్చిందంటే ఇంగ్లీషులో అలాగే అంటారు. మనం అయ్యో పాపం అంటామే, అలాగ."

"సారీ అంటే తప్పు చేసినవాళ్లు అనేదిగా?"

"అప్పుడూ అంటారు, ఇప్పుడూ అంటారు. మాట ఒక్కటే, అర్థాలే రెండు మూడు." పాఠాలు చెప్పడమే ఆ టీచరమ్మ వృత్తి, అడిగితే ఆగుతుందా? హుషారుగా వేళ్లు మడిచింది. "పొరపాటు చేస్తే సారీ. ఎదుటివాళ్ల కష్టానికి మనకి బాధేస్తే సారీ. మాట సరిగ్గా వినపడకపోయినా సారీ అనే అడుగుతారు. మా దగ్గర మొదటి వారం పాఠమే ఇది. ఎక్కడ ఎలా అన్నారో చూసి మనమే తెలుసుకోవాలి."

"డాక్టర్లంటే?"

"డాక్టర్లా? వాళ్లకి అది రోజూ ఉండే మాటే. లోపల ఎవరైనా పోతే, బయటికొచ్చి ముందు అదే అంటారు. పాపం వాళ్ల తప్పేం లేకపోయినా అనాలి."

కాజాలక్క బొత్తం కుట్టేసి, దారం తెంపి, కోటు ఇచ్చేసింది. టీచరమ్మ మెట్లెక్కుతూ బొత్తం కింద ఏదో గుచ్చుకుంటోందని చూసుకుంటే అగ్గిపుల్ల అలాగే ఉంది. నవ్వుకుంటూ మాస్టరుకు చూపించింది. మాస్టరు నవ్వలేదు. ఆ స్టూలు మీద కూర్చున్నన్నాళ్లలో కాజాలక్క పుల్ల మరిచిపోవడం ఆయన ఎరగడు. "ఏం చెల్లెమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని వెనక్కి తిరిగేసరికి స్టూలు ఖాళీగా ఉంది.

ఆమె ఆసుపత్రి రోడ్డులో నడుస్తోంది. ఏళ్ల తరవాత ఆ రోడ్డు. చుట్టు తిరిగి పోవడం మరిచిపోయింది, లేదా ఇక ఆ అవసరం లేదని కాళ్లకు ముందే తెలిసింది. ఆసుపత్రికి అద్దాల తలుపులు వచ్చాయి. ఆ బెంచీ లేదు, ఇనుప కుర్చీల వరస ఉంది. అక్కడ కూర్చుని తన వంతు కోసం చూసింది. దారి పొడుగునా లోపల ఒకే ప్రార్థన. ఆ టీచరమ్మ చిన్నపిల్ల, దానికేం తెలుసు? డాక్టరు ఒక్కమాట అంటే చాలు. అవునమ్మా, ఆ రోజు నేనే ఆలస్యం చేశాను అంటే చాలు, ఆయన్ను ఇక తిట్టను కూడా తిట్టను.

డాక్టరు జుట్టు నెరిసింది. మనిషి మాత్రం ఆయనే.

"ఏంటమ్మా, ఏం బాధ?"

"నాకేం లేదు డాక్టరుగారూ. మా అమ్మాయి. కడుపునొప్పని తీసుకొచ్చాం. బెంచీ మీద కూర్చోబెట్టారు. పోయింది." సంవత్సరం చెప్పింది.

ఆయన కళ్లు చిట్లించి గుర్తుచేసుకోవడానికి చూశాడు. నిజంగానే చూశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "సారీ అమ్మా, గుర్తు రావట్లేదు."

"ఇది ఏ సారీ డాక్టరుగారూ?"

"అంటే?"

"ఆ రోజు మీరు బయటికొచ్చి సారీ, ఆలస్యమైపోయింది అన్నారు. ఎవరి వల్ల ఆలస్యమైందని అన్నారు? అది కనుక్కుందామని వచ్చాను. గొడవకి రాలేదు."

ఆయన మొదట పక్కనున్న నర్సు వైపు చూశాడు, ఇదేదో తిరకాసు వ్యవహారం కాదు గదా అన్నట్టు. తరవాత ఈమె మొహం చూశాడు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"మధ్యలో ఒక పూట నొప్పి తగ్గినట్టు అనిపించిందా అమ్మా?"

"తగ్గింది. పడుకుంది కూడా."

"తర్వాత జ్వరం, పొట్ట గట్టిపడటం?"

"అవును."

"అపెండిక్స్ పగిలినప్పుడు అలాగే అవుతుంది. పగలగానే కాసేపు నొప్పి తగ్గుతుంది. అందరూ నయమైందనుకుంటారు. అప్పటికి లోపల విషం పాకడం మొదలుపెడుతుంది. మీరు బెంచీ మీద కూర్చున్న కాసేపట్లో అయ్యే పని కాదమ్మా అది. ఇక్కడికి వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. ఆ అర్థంతోనే అని ఉంటాను."

"ముందు రోజు సాయంత్రం తెస్తే?"

డాక్టరు టేబులు మీది పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడదంతా ఎందుకమ్మా? మీకు తెలియక జరిగింది" అన్నాడు.

మంచివాడు. అదే ఆమెకు దెబ్బ. కసిరి పంపించి ఉంటే ఇంటికొచ్చి మళ్లీ తిట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.

ఆమె షాపుకు తిరిగి వెళ్లలేదు. ఇంటికొచ్చి, గడప దాటి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. వాళ్లది ఒక గదీ వంటిల్లూ. కిటికీ కింద అమ్మడి మంచం ఉండేచోట ఇప్పుడు బట్టల పెట్టె ఉంది. ఆనాటి సాయంత్రం భర్త ఎక్కడ నిలబడి అడిగాడో, తను ఎక్కడ కూర్చుని తల ఎత్తకుండా జవాబు చెప్పిందో, ఆ రెండు చోట్లూ అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటి మీద నడుస్తూనే ఉంది.

పొద్దు వాలేవేళకు భర్త వచ్చాడు. పొయ్యి వెలగలేదు, దీపం వెయ్యలేదు. ఆయన దీపం వేశాడు. ఏమైందని అడగకుండా కాళ్లు కడుక్కొచ్చి, ఎదురుగా కూర్చుని, చొక్కా బొత్తాలు విప్పుకోసాగాడు.

"ఏమండీ, సారీ అంటే ఏంటి?"

ఆయన చెయ్యి బొత్తం మీదే ఆగిపోయింది.

"తప్పు చేశానని ఒక్కటే కాదంటగా. అయ్యో పాపం అని కూడా అంటగా."

ఆయన విప్పిన బొత్తాన్ని మళ్లీ పెట్టుకున్నాడు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

ఆయన నేల చూస్తూ చెప్పాడు. ఆ ఇంట్లో ఆయన అంత పొడుగ్గా మాట్లాడడం ఆమె అదే వినడం.

"పిల్ల పోయాక మళ్లీ డ్యూటీకెళ్లాను చూడు, ఆ రోజు. లిఫ్టెక్కిన ప్రతివాళ్లూ నాకు సారీ చెప్పారు. పెద్దాఫీసరు దగ్గర్నుంచి టైపు చేసే అమ్మాయి దాకా. పైకెళ్తూ చెప్పినవాళ్లే కిందికొస్తూ మళ్లీ చెప్పారు. నాకు ముందు అర్థం కాలేదు. వీళ్లందరూ నన్నేం చేశారు, ఎందుకు చెప్తున్నారు అనుకున్నా. ఆ టైపు అమ్మాయి చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది. డాక్టరు చెప్పింది కూడా ఇదేనని తెలిసింది."

"మరి ఇంటికొచ్చి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. వచ్చేసరికి నువ్వు మామ్మతో అంటున్నావు, డాక్టరు ఒప్పుకున్నాడు మామ్మా, ఆయనే ఒప్పుకున్నాడు అని. చేతిలో కంచం ఉంది. అన్నం తింటున్నావు. పిల్ల పోయిన తర్వాత నువ్వు తినడం అదే చూడ్డం. ఏమని చెప్పను?"

కాజాలక్కకు మెల్లగా ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి. వీధివాళ్లు అడిగినప్పుడల్లా ఆయన "ఆఁ, అన్నాడు" అనడం. అన్నాడనే తప్ప, తప్పు డాక్టరుదేనని ఒక్కనాడూ అనకపోవడం. తను డాక్టరును తిట్టిపోస్తుంటే లేచి బయటికి వెళ్లి నిలబడడం. అది అండ అనుకుంది. దుఃఖం ఆపుకోలేక వెళ్తున్నాడనుకుంది.

"అంటే నా వల్లే పోయిందని మీకు అప్పట్నుంచీ తెలుసు."

"నేనలా అన్నానా? ఇన్నేళ్లలో ఒక్కసారన్నా అన్నానా? ఆ చొక్కాల మాట ఏనాడన్నా ఎత్తానా? ఒక్కమాట అన్నానా నిన్ను?"

అనలేదు. కోపం వచ్చినప్పుడు అనలేదు, పోట్లాటల్లో నోరు జారి కూడా అనలేదు. ఆ సాయంత్రం సంగతి మరిచిపోయినవాడైతే ఏదో ఒకరోజు మాటల్లో దొర్లేది. తప్పు లేదనుకున్నవాడైతే, ఆ చొక్కాల గొడవలో పడి మనకే తెలియలేదు అని మామూలుగా అనేసేవాడు. ఈయన అంత జాగ్రత్తగా, ఒక్కనాడూ కాలు జారకుండా, దాని పక్కనుంచి నడిచాడంటే అది ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసన్నమాట. రోజూ క్షమిస్తూ వచ్చాడు. తప్పు చెయ్యనివాళ్లను ఎవరూ క్షమించరు.

"ఒక్కసారి అనండి" అంది ఆమె. "నీ వల్లే పోయిందని అనండి. నేను ఊరుకోను, తిరగబడతాను. మీకు చేతుల్లేవా, మీరెందుకు ఎత్తుకుపోలేదు అంటాను. మీరు ఇంకోటి అందురుగాని. ఏదో ఒకటి అనుకుందాం, కొట్టుకుందాం. అనండి."

ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఆ మాట ఆయన లోపల ఉంది. ఆమెకు కనబడుతూనే ఉంది. ఇన్నేళ్లు దాచి దాచి, ఇప్పుడు తీయాలన్నా ఆయన చేతికి రాదు. ఇంతకాలం ఆ తప్పు ఎక్కడో రోడ్డవతల, వేరే మనిషి దగ్గర ఉందనుకుని, అటు వెళ్లకుండా చుట్టు తిరిగి బతికింది. అది ఈ గదిలోనే ఉంది, ఈయన దగ్గర, రోజూ తన పక్కనే పడుకుని లేస్తూ. ఇక చుట్టు తిరిగి పోవడానికి దారి లేదు.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. బియ్యం కడిగిన చప్పుడు, అగ్గిపెట్టె చప్పుడు, గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినబడ్డాయి. ఎన్నడూ పొయ్యి దగ్గర నిలబడని మనిషి, ఉప్పెక్కడుందో తెలియక డబ్బాలన్నీ తీసి చూస్తున్నాడు. ఆ మంచితనం ఇంకెన్నేళ్లు భరించాలో అని ఆమెకు భయం వేసింది. చాలాసేపటికి ఆయన కంచంలో ఇంత పెట్టి తీసుకొచ్చి, ఆమె ముందు గొంతుకు కూర్చున్నాడు.

"రా, ఇంత తిను" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.